మా ఎనిమిదేళ్ళ వాడికి ఫో హాక్ కటింగ్: సెలూన్‌లో ఏమని చెప్పాలి?

నల్లకుంట_నాన్న
మావాడు మూడో తరగతి. క్రికెట్ కోచింగ్‌లో ఇంకో పిల్లాడు ఫో హాక్ (పక్కలు పొట్టిగా, నడినెత్తిన జుట్టు లేపి దువ్వే కటింగ్) చేయించుకొచ్చాడట, అప్పట్నుంచి ఇంట్లో ఇదే గోల. మొన్న ఆదివారం మా వీధి చివర సెలూన్‌కి తీసుకెళ్ళి, ఫోన్‌లో ఫొటో చూపించి "ఇలా కావాలన్నా" అన్నాను. అతను ఒకసారి చూసి తలూపి, మిషన్ తీసుకుని రెండు పక్కలా జీరో లాగేశాడు. మధ్యలో మిగిలిన జుట్టు నిలబడదు, పడుకోదు. వాడు ఇంటికొచ్చి టోపీ పెట్టుకున్నాడు, అన్నం తినేటప్పుడు కూడా తియ్యలేదు. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

వాడిది బాగా ఒత్తు జుట్టు, ముతక. వెనక రెండు సుడులు. వచ్చే నెల మా మరదలి పెళ్ళి. ఈలోగా సరిచేయించొచ్చా? అసలు సెలూన్‌లో ఏ మాట చెప్తే సరిగ్గా చేస్తారు? ఇంట్లో లేపి దువ్వడానికి ఏం రాయాలి? మా ఆవిడ జెల్ మాటెత్తితేనే ఒప్పుకోవడం లేదు.

మణికొండ_మాధవి
రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు కదా. రెండు భోజనాలకీ మమ్మల్ని పిలవండి 😀

టెన్త్_బ్యాచ్
ఫొటో పెట్టండి అంకుల్

నల్లకుంట_నాన్న
@టెన్త్_బ్యాచ్ పిల్లాడి ఫొటో ఇలా అందరి ముందూ పెట్టను తమ్ముడూ. మాటల్లో చెప్తాను. చెవి పైన నాలుగు వేళ్ళ ఎత్తు దాకా చర్మం కనిపిస్తోంది. మధ్యలో సన్నటి పట్టీ మిగిలింది, ముందు నుంచి వెనక దాకా ఒకే పొడవు.

గుంటూరు_కత్తెర
మా నాన్న కాలం నుంచి మాకు షాపుంది, పిల్లల కటింగ్‌లు రోజూ చేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి అతను చేసింది మొహాక్‌కి దగ్గర. మొహాక్‌లో పక్కలు గొరిగేస్తారు, మధ్య పట్టీ ఒక్కటే ఉంటుంది. ఫో హాక్‌లో తల మొత్తం జుట్టు ఉంటుంది. పక్కలు పొట్టి, నడినెత్తికి వచ్చేకొద్దీ పొడుగు. లేపి దువ్వితే హాక్, కిందికి దువ్వితే మామూలు క్రాఫు. పిల్లలకి ఇది నప్పడానికి అసలు కారణం అదే.

మిషన్ ఎక్కడ ఆగాలన్నదే ఇందులో ముఖ్యం. దువ్వెన తీసుకుని చెవి పైన తలకి ఆనించి నిలువుగా పట్టుకోండి. మెల్లగా పైకి జరపండి. పుర్రె వంపు తిరిగే చోట దువ్వెన పై కొస తలని వదిలేస్తుంది. మిషన్ అక్కడికి ఆగిపోవాలి. ఆ పైనంతా కత్తెర పని. ఆదివారం రద్దీలో చాలామంది ఆ వంపు దాటి పైకి లాగేస్తారు. ఒకసారి దాటాక ఎంత పనివాడైనా ఆ పూటకి చెయ్యగలిగింది లేదు.

రెండోది పైన కోసే పద్ధతి. నడిమధ్య పాయని దువ్వెనతో నిటారుగా లేపి ముందు దాన్ని కొయ్యాలి. అదే కొలత. అటూ ఇటూ ఉన్న పాయల్ని దానికంటే కొంచెం కొంచెం తగ్గిస్తూ రావాలి. ముందు వైపు ఎక్కువ, వెనక్కి వెళ్ళేకొద్దీ తక్కువ. చివర్లో కత్తెర మొనని నిలువుగా పెట్టి కొసల్లోకి కొట్టాలి. అలా చేస్తే జుట్టు పాయలుగా విడిపోయి, ఏమీ రాయకపోయినా సగం దానంతటదే లేస్తుంది. మీవాడికి ఒకే పొడవున కోశారు కాబట్టే ఎటూ కాకుండా ఉంది.

డాలస్_సుధ
గుంటూరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడ కుర్చీలో కూర్చోగానే నంబర్ ఎంత అని అడుగుతారు. ఆ నంబర్లు నేర్చుకున్నాక నాకు టెన్షన్ పోయింది. మిషన్‌కి తగిలించే ప్లాస్టిక్ దువ్వెనల నంబర్లు అవి. 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే 10, 4 అంటే 13. మావాడికి పక్కలు 3, చెవి చుట్టూ, మెడ దగ్గర 2, పైన రెండంగుళాలు, చర్మం కనిపించకూడదు. ఇంతే చెప్తాను. ఫొటో చూపిస్తే వాళ్ళకి కనిపించేది ఒకటి, మనకి కనిపించేది ఒకటి.

వైజాగ్_వెంకీ
ఫొటో అక్కర్లేదంటే నేనొప్పుకోను. మన దగ్గర నంబర్లతో పని చేసే సెలూన్లు ఎన్ని? మా కటింగ్ షాపులో "మూడు పెట్టన్నా" అంటే మూడో నంబర్ కుర్చీ ఖాళీ లేదన్నాడు 😂 ఫొటో ఉండాల్సిందే. అయితే ముందు నుంచి తీసినది ఒక్కటే చాలదు, పక్క నుంచి, వెనక నుంచి కూడా చూపించాలి. ఇంకో ముఖ్యమైన మాట, ఫొటోలో ఉన్న పిల్లాడి జుట్టు మన పిల్లాడి జుట్టులాంటిదే అయ్యుండాలి. తెల్లవాళ్ళ పిల్లల పల్చటి జుట్టు చూపించి మన ముతక జుట్టుకి అలాగే రావాలంటే ఎలా వస్తుంది?

డాలస్_సుధ
@వైజాగ్_వెంకీ జుట్టు రకం గురించి అన్నది ఒప్పుకుంటా. కానీ నంబర్ తెలియని చోట వేలితో చూపించొచ్చుగా. "పక్కన ఇంత మిగలాలి" అని చిటికెన వేలి గోరు చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. సుమారు అదే 10 మిల్లీమీటర్లు.

నల్లకుంట_నాన్న
ఇవన్నీ ఆదివారం ముందు చదివుంటే బాగుండేది. ఇప్పుడు ఈ జీరో పక్కల్ని ఏం చెయ్యాలి?

గుంటూరు_కత్తెర
ఏమీ చెయ్యొద్దు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెళ్ళి నాటికి ఆ పక్కలు సుధ గారు చెప్పిన నంబర్ 3 కొలతకి వాటంతటవే వస్తాయి. పైన కూడా అంతే పెరుగుతుంది. అప్పటిదాకా ఎవరి చేతా సరిచేయించకండి. సరిచేస్తానని పైన ఇంకా తగ్గిస్తారు, అప్పుడు లేపడానికి ఏమీ మిగలదు. పెళ్ళికి మూడు నాలుగు రోజుల ముందు వెళ్ళి రెండే పనులు చేయించండి. వంపు దగ్గర పక్కలకీ పైకీ మధ్య మెట్టు కనిపించకుండా దువ్వెన మీద కత్తెరతో కలపడం, పైన నేను చెప్పినట్టు కొసలు కొట్టడం. ముందు రోజు మాత్రం వద్దు, కొత్త కటింగ్ రెండు మూడు రోజులకి గానీ సర్దుకోదు.

సుడుల సంగతి చెప్పడం మర్చిపోయా. రెండు సుడుల మధ్య జుట్టు ఎటూ పడుకోదు, ఎప్పుడూ లేచే ఉంటుంది. పక్క పాపిడి తీసేవాళ్ళకి అది పెద్ద బాధ. ఫో హాక్‌కి కలిసొస్తుంది. అక్కడ పొడవు కొంచెం ఎక్కువ ఉంచమనండి.

భీమవరం_బుజ్జి
సుడి దగ్గర పొడుగు ఉంచాలా? మావాడికి ఒకే సుడి, అలా ఉంచితే వెనక గొడుగు విప్పినట్టు పరుచుకుంది. అక్కడ పొట్టిగా కొట్టించాకే కుదిరింది.

గుంటూరు_కత్తెర
@భీమవరం_బుజ్జి మీవాడిది పల్చటి జుట్టా? అయితే మీరు చేసింది రైటే. పల్చటి జుట్టు సుడి చుట్టూ పరుచుకుంటుంది, పొట్టిగా ఉంటేనే అణుగుతుంది. ముతక జుట్టుని అక్కడ పొట్టిగా కొడితే నాలుగు వైపులా పొడుచుకొస్తుంది. కటింగ్‌కి ముందు తల తడిపి, వేళ్ళతో కదిపి వదిలేస్తే సుడి ఎటు తిరుగుతోందో తెలిసిపోతుంది. అది చూడకుండా మిషన్ ఆన్ చేసేవాడి దగ్గర పిల్లాణ్ణి కూర్చోబెట్టకండి.

భీమవరం_బుజ్జి
పల్చటిదే అన్నా. ఇప్పుడర్థమైంది.

మాస్టారు_తెనాలి
మా మనవడు కూడా ఇదే చేయించుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ చూసి కోడిపుంజు వచ్చిందంది. వాడు గర్వంగా నవ్వాడు, దాంతో ఆవిడా ఊరుకుంది. నా బాధ వేరే. తలకి చుక్క నూనె లేకుండా బడికి పంపుతున్నారు. నూనె రాస్తే లేవదట.

మణికొండ_మాధవి
మాస్టారూ, నూనె రాసుకోవచ్చండి. శనివారం రాత్రి కొబ్బరి నూనె పట్టించి, ఆదివారం పొద్దున షాంపూతో తలంటండి. నూనె ఉన్న జుట్టు మీద జెల్, వ్యాక్స్ ఏదీ పట్టవు, అందుకే వాడు వద్దంటున్నాడు. కడిగేశాక ఇబ్బంది లేదు.

మాస్టారు_తెనాలి
మంచిదమ్మా, ఆవిడకి చెప్తాను. కుంకుడుకాయతో అంటినా ఫరవాలేదా?

మణికొండ_మాధవి
భేషుగ్గా. కుంకుడు రసంతో అంటితే జుట్టు ఇంకా బిరుసుగా లేస్తుంది.

టెన్త్_బ్యాచ్
నాకు నైన్త్ నుంచి ఇదే కటింగ్. స్కూల్‌కి నీళ్ళు రాసి కిందికి దువ్వుకుంటా, సాయంత్రం ట్యూషన్‌కి లేపుకుంటా. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఫుట్‌బాల్ ప్లేయర్ బెక్‌హామ్ 2002 ప్రపంచ కప్‌లో వేసుకున్నది ఇదే అంట, మా పీఈటీ సార్ చెప్పారు. అప్పుడు సార్ కూడా చేయించుకున్నారంట, ఇప్పుడు సార్‌కి జుట్టు లేదు 😅

వైజాగ్_వెంకీ
మీ సార్ చెప్పింది నిజమే. జపాన్, కొరియాల్లో జరిగిన కప్పు అది. అప్పుడు మేం ఇంటర్. కాలేజీలో సగం మంది తలలు అవే. సబ్బు రాసి నిలబెట్టేవాళ్ళు, చెమట పడితే కళ్ళు మంటలు.

ఏలూరు_టీచర్
స్కూల్ విషయం వచ్చింది కాబట్టి నా మాట. మా బళ్ళో ఫో హాక్‌కి ఎవరమూ అభ్యంతరం చెప్పం, కిందికి దువ్వుకుని వస్తే చాలు. వద్దనేది పక్కల్లో బ్లేడుతో గీయించే గీతలు, రంగులు. గీత గీయించుకుంటే దాన్ని దువ్వి దాచలేం, పెరిగేదాకా అలాగే ఉంటుంది. ఒకడు మెరుపు బొమ్మ గీయించుకొస్తే ఆ రోజు క్లాసంతా వాడి తల వైపే తిరిగి ఉంది, పాఠం ఎవరికీ ఎక్కలేదు. కటింగ్‌కి ముందు మీ స్కూల్ డైరీలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి. అందులో లేకపోతే క్లాస్ టీచర్‌ని అడిగినా ఎవరూ తప్పు పట్టరు.

సిద్దిపేట_శ్రీను
డైరీలో లేకపోయినా గేటు దగ్గర ఆపేస్తరు టీచర్. మా అన్న కొడుకుని పరీక్ష రోజు ఆఫీసు రూమ్ బయట నిలబెట్టిండ్రు. ఏ స్కూలో చెప్పను. వాడి జుట్టు చెవుల మీదికి కూడ రాలే. జుట్టు నచ్చకపోతే నాన్నకి ఫోన్ చెయ్యాలె, చీటీ పంపాలె. పిల్లాడి పరీక్ష ఆపుడేంది? ఆ రోజు నుంచి వాడు కటింగ్ షాపంటేనే ఏడుస్తున్నడు.

ఏలూరు_టీచర్
@సిద్దిపేట_శ్రీను అలా చేసింది ముమ్మాటికీ తప్పు. పిల్లాణ్ణి నలుగురిలో నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. మీ అన్నగారు రాతపూర్వకంగా అడగాల్సింది. నేను డైరీ చూడమన్నది కూడా అందుకే, రాసి ఉంటే రెండు వైపులా స్పష్టంగా ఉంటుంది.

సిద్దిపేట_శ్రీను
అడిగిండు టీచర్. నోటి మాటగ సారీ చెప్పిండ్రు.

కూకట్‌పల్లి_లత
షాపంటే ఏడవడం మా ఇంట్లోనూ ఉండేది. మావాడికి మిషన్ చప్పుడంటే భయం, చెవి దగ్గరికి రాగానే తల విదిలించేవాడు. ఫో హాక్‌లో చెవుల చుట్టూనే పని ఎక్కువ. మాకు పని చేసింది చెప్తా. మిషన్ ఆఫ్ చేసి ముందు వాడి చేతికే ఇచ్చారు. తర్వాత ఆన్ చేసి వాడి అరచేతి మీద ఆనించారు, కోసుకోదని తెలిసింది. మెడ వెనక నుంచి మొదలుపెట్టి చెవుల దగ్గరికి ఆఖర్న వచ్చారు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి పిల్లల్ని కూర్చోబెడతారు కదా, దాని మీద కాళ్ళు వేలాడుతుంటే వాడికి ఇంకా భయం. నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చీర నిండా జుట్టే, అయినా ఫరవాలేదు. సోమవారం మధ్యాహ్నం వెళ్ళండి, షాపు ఖాళీగా ఉంటుంది. మంగళవారం ఎలాగూ మూసేస్తారు.

హన్మకొండ_ఫార్మసీ
జుట్టు ఎలా లేపాలన్నదే అందరూ మాట్లాడుతున్నారు. నా కౌంటర్ దగ్గరికి వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. తామర. ఫేడ్ కటింగ్‌లో, అంటే పక్కల జుట్టు కిందికి వచ్చేకొద్దీ చర్మం దాకా తగ్గించేదాంట్లో, మిషన్ బ్లేడు నేరుగా చర్మానికి తగులుతుంది. ముందు కూర్చున్నవాడికి తామర ఉండి బ్లేడు శుభ్రం చెయ్యకపోతే పిల్లాడికి అంటుకోవచ్చు. మిషన్ బ్రష్‌తో దులిపి, స్పిరిట్‌తో తుడిచాకే పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు. మెడ దగ్గర గీత తియ్యడానికి కత్తి వాడితే కొత్త బ్లేడు మీ కళ్ళ ముందే విరిచి పెట్టాలి.

తలలో గుండ్రంగా పొట్టు లేచి, అక్కడ వెంట్రుకలు తెగిపోతుంటే మా దగ్గర ట్యూబు కొనేసి రాయకండి. తల మీద తామరకి పైపూత సరిపోదు, నోటి ద్వారా వేసుకునే మందు కావాలి. అది డాక్టర్ చూసి రాయాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే రెండు రోజులు తగ్గినట్టుండి ఇంకా పెరుగుతుంది.

గుంటూరు_కత్తెర
@హన్మకొండ_ఫార్మసీ ఈ మాట చెప్పినందుకు సంతోషం. అడిగితే మేమేం అనుకోం. కస్టమర్ మారినప్పుడల్లా తుడవాల్సిందే. తుడవడం లేదంటే లేచి వచ్చెయ్యండి.

నల్లకుంట_నాన్న
మావాడి తల ఇప్పుడే లైటు వేసి చూశాను. బాగానే ఉంది. ఇక జెల్ సంగతి ఎవరైనా చెప్పండి, మా ఆవిడ కూడా చదువుతోంది.

కూకట్‌పల్లి_లత
జెల్ కంటే ముందు డ్రయ్యర్. పని చాలావరకు అదే చేస్తుంది. తల స్నానం చేయించి, టవల్‌తో ఒత్తండి, మరీ తడి లేకుండా, మరీ ఆరిపోకుండా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. వేడి తక్కువలో పెట్టి, జానెడు దూరం నుంచి గాలి కొడుతూ, రెండు పక్కల నుంచి జుట్టుని వేళ్ళతో మధ్యకి తోసుకుంటూ రావాలి. ముందు జుట్టుని పైకి, కొంచెం వెనక్కి. చివర్లో చల్లగాలి పెట్టి కాసేపు అలాగే పట్టుకుంటే నిలబడిపోతుంది. ముతక జుట్టుకి మామూలు రోజుల్లో ఇదే చాలు.

పెళ్ళి లాంటి రోజున శనగ గింజంత వ్యాక్స్. రెండు అరచేతుల్లో వేడి పుట్టేదాకా రుద్ది, పూర్తిగా ఆరిన జుట్టుకి వెనక నుంచి ముందుకి రాసుకుంటూ రండి. ముందే నుదుటి దగ్గర పెడితే అక్కడే ముద్దకడుతుంది. తడి జుట్టు మీద రాసేది జెల్, పొడి జుట్టు మీద రాసేది వ్యాక్స్. ఈ తేడా తెలియకే చాలామంది రెండూ పాడుచేసుకుంటారు.

భీమవరం_బుజ్జి
జెల్ ఆరాక తెల్లగా పొట్టు రాలుతుంది, అందరూ చుండ్రు అనుకుంటారు. నేను బయటి జెల్ మానేసి అవిసె గింజలతో ఇంట్లోనే చేస్తున్నా. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్న మంట. కలుపుతూనే ఉండాలి. గరిటె ఎత్తితే తీగ సాగగానే దించేసి వేడి మీదే వడకట్టాలి. చల్లారిందా, ఇక గింజల్ని వదలదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వాసన మారితే పారెయ్యండి.

డాలస్_సుధ
కలబంద గుజ్జు కూడా పని చేస్తుందంటారు?

భీమవరం_బుజ్జి
గంట కూడా నిలవదు అక్కా. పైగా మావాడికి దురద వచ్చింది. ఏదైనా సరే ముందు చెవి వెనక కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడాలి, ఇంట్లో చేసినదైనా సరే.

హన్మకొండ_ఫార్మసీ
బుజ్జి గారి మాటకి ఇంకొకటి కలుపుతున్నా. ఏది రాసినా రాత్రి పడుకునే ముందు కడిగెయ్యాలి. లేకపోతే దిండుకీ, నుదుటికీ అంటుకుని పిల్లలకి కూడా కురుపులు లేస్తాయి. ఆల్కహాల్ ఉన్న జెల్ అసలు వద్దు, డబ్బా వెనక చదివి కొనండి.

నల్లకుంట_నాన్న
అవిసె గింజలకి మా ఆవిడ ఓటు వేసింది. ఇంట్లో ఉన్నాయట, రేపే చేస్తుంది. అందరికీ చాలా థ్యాంక్స్.

తిరుచానూరు_రవి
నాది కొంచెం వేరే కేసు. మా పిల్లాడికి పోయిన వారమే తిరుమలలో గుండు చేయించాం, మొక్కు. వాడు కళ్యాణకట్టలో కూర్చునే "తర్వాత ఫో హాక్ చేయిస్తానని ఒట్టు పెట్టు" అన్నాడు. పెట్టాను. ఎన్నాళ్ళు పడుతుంది?

గుంటూరు_కత్తెర
పైన కనీసం 4 సెంటీమీటర్లన్నా కావాలి, అంటే నాలుగైదు నెలలు. అయితే ఊరికే కూర్చోకండి. రెండో నెల దాటాక పక్కలు, మెడ మాత్రం నెలకోసారి తగ్గిస్తూ ఉండండి, పైన కత్తెర తగలనివ్వద్దు. అలా చేస్తే మూడో నెలకే చిన్న హాక్ కనిపిస్తుంది, వాడికీ ఓపిక ఉంటుంది. పక్కలూ పైనా కలిపి పెంచితే తల గుండ్రంగా ఉబ్బిపోతుంది.

తిరుచానూరు_రవి
రింగుల జుట్టుకి కూడా ఇంతేనా అన్నా? గుండుకి ముందు వాడివి రింగులు.

గుంటూరు_కత్తెర
రింగులైతే ఇంకో నెల కలుపుకోండి, చుట్టుకుపోవడం వల్ల పొడవు తక్కువ కనిపిస్తుంది. వాటిని నిటారుగా లాగి కోస్తే వదలగానే పైకి ముడుచుకుపోతాయి, అందుకని అనుకున్నదానికంటే ఒక వేలు మందం ఎక్కువ ఉంచి కొయ్యమనండి. డ్రయ్యర్‌తో సాఫు చెయ్యొద్దు. పక్కలు పొట్టిగా ఉంచి, పైన రింగుల్ని వేళ్ళతో మధ్యకి చేరిస్తే చాలు. దువ్వెన అక్కర్లేదు.

తిరుచానూరు_రవి
సరే అన్నా. నెలకోసారి పక్కలు, పైన ముట్టుకోవద్దు. వాడికి చదివి వినిపించా, ఇప్పుడే క్యాలెండర్ తెచ్చుకుని లెక్కపెడుతున్నాడు.